మాత్ర మ్రింగుట అవిశ్వాసమా?

వాక్యభాగము: 2 రాజులు 20:1-11, 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయము, మార్కు 1:40-44





హెబ్బగోడి, బొమ్మసంద్ర ప్రాంతములకు బ్రతుకుతెరువు కొరకు వచ్చి స్థిరపడిన మనలో కొందరు రోజంతయు కుట్టుమిషను ముందు కూర్చుందురు. కొందరు ఫ్యాక్టరీ గేటు వద్ద రాత్రంతయు నిలుచుందురు. పండుగకు ఒంగోలు, కందుకూరు పోవలెనన్న బస్సులో తెల్లవార్లు కాళ్లు ముడుచుకొని కూర్చోవలసినదే. ఇట్లు కదలక యుండు కాలిలో రక్తము మందగించి, పిక్కలోనో తొడలోనో లోపలి సిరలో గడ్డకట్టుట కలదు. నాలుగు గంటలు మించిన ప్రయాణము ఈ అపాయమును సుమారు రెండింతలు చేయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలియజేసినది. ఆపరేషను అయినవారికి, కాలికి కట్టు వేసినవారికి, గర్భిణీలకు, బాలింతలకు, కేన్సరు రోగులకు ఈ అపాయము మరింత ఎక్కువ.

ఒక కాలు వాచి, నొప్పి పుట్టి, వెచ్చగా ఉన్నచో అలసట అనుకొని ఊరకుండరాదు. నూనె పెట్టి గట్టిగా మర్దన చేయరాదు. గడ్డలో ఒక ముక్క విడిపోయి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణమునకే ముప్పు. అందుచేత డాక్టర్లు రక్తము పలుచబడుటకు సూదులు, మాత్రలు ఇత్తురు. సాధారణముగా మూడు నెలలైనను ఆ మాత్రలు వాడవలెను. కొందరు ఇంకను ఎక్కువకాలము వాడవలసి యుండును.

ఇక్కడనే మన విశ్వాసులకు ఒక శోధన కలుగుచున్నది. నెల తిరుగకముందే వాపు తగ్గును. కుటుంబ ప్రార్థనలో ఎవరో ప్రేమతోనే, "ప్రభువు స్వస్థపరచెను గదా, ఇంకను ఆ మాత్రలెందుకు? మానివేసి సాక్ష్యము చెప్పుము" అందురు. రోగి మనస్సు రెండుగా చీలును. మానినచో భయము, మ్రింగినచో అవిశ్వాసినేమో అను బాధ. ఈ మాటవలన ప్రాణము పోవచ్చును గనుక, వాక్యము ఏమి చెప్పుచున్నదో మనము జాగ్రత్తగా చూడవలెను.

మాత్రలు మానుమనువారు ఆసా రాజును చూపుదురు. అతనికి పాదములలో జబ్బు పుట్టి విషమించినప్పుడు అతడు యెహోవాను వెదకక వైద్యులనే ఆశ్రయించెనని వ్రాయబడియున్నది. నిజమే. అయితే అదే అధ్యాయము మొదటినుండి చదువుడి. అతడు అప్పటికే దేవుని మందిరపు వెండి బంగారములను తీసి సిరియా రాజుకు పంపి, మనుష్యుని అండ కోరెను. గద్దించిన దీర్ఘదర్శిని బందీగృహములో వేయించెను. వైద్యుని యొద్దకు పోవుట అతని పాపము కాదు. దేవుని విడిచిపెట్టుట అతని పాపము.

హిజ్కియాను చూడుడి. అతడు గోడతట్టు తిరిగి కన్నీటితో ప్రార్థించెను. యెషయా నగరు దాటకముందే జవాబు వచ్చెను. పదునైదు సంవత్సరముల ఆయుష్షు దొరికెను. అయినను ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. దేవుని వాగ్దానము చేతిలో ఉండగానే మందు వాడిరి. రెండింటికి పోట్లాట లేదు.

ఈ మాత్రలు పని చేయు విధము తెలిసికొన్నచో మన విశ్వాసము మరింత బలపడును. అవి గడ్డను కరిగించవు. అది పెరుగకుండ, క్రొత్తది పుట్టకుండ ఆపును. కరిగించు పని సృష్టికర్త మన దేహములోనే ఉంచియున్నాడు. అది వారములు, నెలలు పట్టును. కంచె పంటను మొలిపించదు, కాని కంచె లేనిదే పంట నిలువదు. పంట చేతికి రాకముందే కంచె పీకినవానిని విశ్వాసవీరుడని మనము పిలువము గదా!

వార్ఫరిన్ అను మాత్ర పుట్టుకయు మనకు పాఠమే. అమెరికా, కెనడాలలో బూజుపట్టిన గడ్డి మేసిన పశువులు రక్తము ఆగక చచ్చుచుండగా, శాస్త్రజ్ఞులు దాని కారణము వెదకిరి. అందులోనుండి వచ్చిన మందు 1948లో ఎలుకల మందుగా అమ్మబడెను. 1954లో మనుష్యుల చికిత్సకు అనుమతి పొందెను. చంపునది కొలతతో వాడగా బ్రతికించునదాయెను. కావున కొలత ముఖ్యము. వార్ఫరిన్, అసెనోకౌమరాల్ వాడువారు ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష తప్పరాదు. తోటకూర, పాలకూర, మునగాకు మానవలసిన పనిలేదు. ఒక వారము విపరీతముగా తిని మరు వారము మానక, సమముగా తినవలెను. రివరాక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు అన్నముతోనే వేసికొనవలెను. కాబట్టి ఉపవాస ప్రార్థనకు ముందు డాక్టరును అడుగుడి. ఒళ్లు నొప్పులకు అంగడి మాత్రలు, నాటు మందులు తమంతట తాము వాడరాదు. ఒకపూట మరచినచో రెండు కలిపి మ్రింగరాదు. గర్భము ధరించినట్లు తోచిన సహోదరి వెంటనే డాక్టరుకు చెప్పవలెను. నల్లని విరేచనము, ఆగని రక్తము, తలకు దెబ్బ, హఠాత్తుగా ఆయాసము, ఛాతీనొప్పి కలిగినచో ఆ గడియలోనే ఆసుపత్రికి పోవలెను. ప్రార్థన దారిలో చేసికొనవచ్చును.

మన ప్రభువు కుష్ఠరోగిని ముట్టి బాగుచేసి, మొదట యాజకునికి కనుపరచుకొనుమని పంపెను. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు. డాక్టరు పరీక్షించి చాలునన్న దినమున మాత్ర మానుడి. ఆ దినమున సంఘములో నిలిచి సాక్ష్యము చెప్పుడి, మనమందరము స్తుతించెదము. అంతవరకు ప్రతిరాత్రి నీళ్లతో మ్రింగు మాత్రయు కృతజ్ఞతాప్రార్థనతో మ్రింగవచ్చును. మన పితరులకు సువార్త తెచ్చిన మిషనరీలు ఒంగోలులోను నెల్లూరులోను గుడితోపాటు ఆసుపత్రియు కట్టిరి. వారికి ఇందులో విరోధము కనబడలేదు.

సంఘముగా మనకును పని కలదు. కన్నడము రాని వృద్ధురాలికి ఆసుపత్రిలో తోడు కావలెను. పరీక్ష దినమున కూలి పోవు సహోదరునికి చేయూత కావలెను. 2025 ఆగస్టు 11న మెట్రో హెబ్బగోడి మీదుగా బొమ్మసంద్రకు నడుచుట మొదలైనది గనుక, తోడు పోవుటకు దారియు సులువాయెను. రోగిని, "ఇంకను మాత్రలా?" అని అడుగక, "ఈ రాత్రి మాత్ర వేసికొంటివా అమ్మా?" అని అడుగుదము. ఆ మాటలో ప్రేమయు విశ్వాసమును రెండును ఉన్నవి.

తక్షణమే బాగుచేయగల దేవుడు, నెలల తరబడి బాగుచేయుచు మన చేయి విడువని దేవుడును ఆయనే. ఆయన కృప మీకందరికి తోడైయుండును గాక. ఆమేన్.