భయము భక్తికి లోపమా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతముల నుండి తిరుమలకు బయలుదేరు యాత్రికులలో కొందఱు నేడు శంషాబాదున విమానమెక్కి రేణిగుంటలో దిగుచున్నారు. నేల తాకబోవు విమానము హఠాత్తుగా మరల పైకెగసినచో తొలిసారి ఎక్కినవారి గుండె జల్లుమనును. గోవిందనామము పలుకుచునే వణకు భక్తునికి మఱియొక వ్యథ తోడగును: స్వామిని నమ్మినవానికి భయమేల? ఈ భక్తి బూటకమా?

ఆ ఎగయుట సాధారణముగా ఆపద కాదు. గాలి మాఱినను, రన్‌వే ఖాళీ కాకున్నను, వేగము, ఎత్తు కుదురకున్నను, దిగుట మాని చుట్టి వచ్చుట విమానచోదకునికి విధించిన ధర్మము. 2010 మే 22న మంగుళూరులో, దిగుట సరిగా కుదరలేదు, మరల పైకి లేపుమని సహచోదకుడు ముమ్మాఱు హెచ్చరించినను ప్రధానచోదకుడు వినక దించెను. 158 మంది అసువులు బాసిరి. విచారణలో తేలిన సంగతి యిది. యాత్రికుడు దేనికి జడిసెనో అదియే అతనికి రక్షణ.

ఇక భయము మాట. జనగామ సీమలోని బమ్మెర పోతనామాత్యుని స్వగ్రామమని ప్రసిద్ధి. ఆయన భాగవతమున గజేంద్రుడు వేయేండ్లు స్వబలముతో పోరి, డస్సి, తుదకు హరిని పిలిచెను. అప్పుడును ఆ మదిలో భయముండెను; భగవంతుడున్నాడో లేడో యను సంశయము సైతము పొడమెను. స్వామి దానిని తప్పుగా నెంచక పరుగున వచ్చెను. శరణాగతికి పెద్దలు చెప్పిన ఆఱంగములలో రక్షించునను విశ్వాసము కలదు, తన అశక్తతను ఒప్పుకొను కార్పణ్యము కలదు, నిర్భయత్వము లేదు.

భయము దేహధర్మము, భయమున ఎవరిని పిలిచెదమనునదే భక్తికి గుఱుతు. బెల్టు బిగించుకొని, చోదకుని పని చోదకునికి విడిచి, వణకు పెదవులతోనే గోవిందుని తలచవచ్చును.