పశువు పోయిన పిదప గృహస్థుని ధర్మము

పశువు ప్రాణముతో నున్నంతకాలము రైతునకు అది లక్ష్మి. కనుమనాడు కొమ్ములకు రంగు పూసి, నుదుట కుంకుమ నుంచి మ్రొక్కును. ప్రాణము పోయిన మరుక్షణమున అదియే ముట్టరాని వస్తువగును. దానిని ఊరవతలికి ఈడ్పించి, స్నానము చేసినంతనే తన ధర్మము తీరినదని గృహస్థుడు తలచును. ఆ తలపు సరియైనదేనా యనునది విచారింపదగిన విషయము.

ముసునూరు ప్రాంతమునే ఉదాహరణముగా గ్రహింపవచ్చును. ఇది నూజివీడు మామిడిసీమ. రసములు, బంగినపల్లి కాచెడి తోటలకు పశువుల పెంట తరతరముల బలము. మండలములోని బలివే చెంత, రామలింగేశ్వరుని ఆలయమున్న తీరమున తమ్మిలేరు పారుచు కొల్లేటి వైపు సాగును. శివరాత్రికి భక్తులు అచటికి తరలివత్తురు. ఇట్టి సీమలో ఒక ఎద్దు చనిపోయినచో దాని దేహము తోటకు బలమగునా, ఏటికి విషమగునా? అది దానిని విడిచిన చోటును బట్టి, విడిచిన తీరును బట్టి యుండును.

ఊపిరి నిలిచిన కొలది సేపటికే ఈగలు చేరి కన్నులయందును, ముక్కుపుటములయందును గ్రుడ్లు పెట్టును. అంతవరకు ప్రేగులలో మేతను జీర్ణము చేయుటకు తోడ్పడిన సూక్ష్మజీవులే ఇప్పుడు దేహమును జీర్ణము చేయ నారంభించును. పొట్ట ఉబ్బును, చర్మము చిట్లి రసము నేలలోనికి దిగును. మెత్తని మాంసమును ఈగపురుగులు, ఎండిన తోలును పెంకుపురుగులు తినును. కళేబరము క్రింది గడ్డి మొదట మాడిపోయినను, కొంతకాలమునకు అచ్చటనే పచ్చిక దట్టముగా మొలచును. నత్రజని, భాస్వరము మట్టికి తిరిగి చేరుటయే ఇందుకు కారణము. పశువు జీవితకాలమంతయు మేసిన మేత ఈ విధముగా భూమికి తిరిగి ముట్టుచున్నది.

ఈ కార్యమున ఒకప్పుడు అగ్రస్థానము రాబందులది. గుంపుగా దిగినచో అవి పెద్ద పశువునైనను స్వల్పకాలములో ఎముకల గూడు చేయును. వాని కడుపులోని తీక్ష్ణమైన ఆమ్లము అనేక రోగక్రిములను నశింపజేయును. అట్టి పక్షులలో తెల్లవీపు రాబందుల సంఖ్య భారతదేశమున 1992కును 2007కును నడుమ నూటికి 99 పాళ్లకు పైగా క్షీణించినది. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అను మందు కళేబరమున మిగిలి, తిన్న పక్షి మూత్రపిండములను చెరచుచున్నదని 2004లో వెల్లడియైనది. నూటికి ఒక్క కళేబరము కంటె తక్కువ దానిలో ఆ మందున్నను ఈ నాశమునకు చాలునని పరిశోధకులు లెక్కగట్టిరి. తినువారు లేని మాంసముపై కుక్కలు పెరిగెను. రాబందుల లోపము వలన 2000 నుండి 2005 వరకు దేశమున అదనముగా సుమారు 5 లక్షల మంది మరణించిరని 2024లో ప్రచురితమైన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన అంచనా వేసినది.

ఇచ్చట ధర్మసందేహము కలుగును. నొప్పితో మూలుగు ఎద్దుకు సూది వేయించినవాడు పాపియా? కాడు. అతడు దయతోనే చేసెను. కాని తన కొట్టమునకు ఆవల ఆ దయ ఏమగుచున్నదో అతడు చూడలేదు. దయయే ధర్మమునకు మూలమని బోధించిన బసవేశ్వరుని మార్గమున దయ కంటికి కనబడు జీవితో ఆగిపోరాదు. పశువైద్యమున డైక్లోఫెనాక్‌ను 2006లోను, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను 2023లోను ప్రభుత్వము నిషేధించినది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ కలదు. ఏ మందు వేయుచున్నారని పశువైద్యుని అడుగుట రైతు దయను పూర్ణము చేయును.

కళేబరమును మోసి, తోలు తీసి, ఊరిని రోగము నుండి కాచిన చేతులను లోకము మైల యన్నది. పన్నెండవ శతాబ్దమున శరణులు ఆ మాటను త్రోసిపుచ్చిరి. మాదార చెన్నయ్య భక్తిని పాలకుర్తి సోమనాథుడు బసవపురాణమున కీర్తించెను. చెప్పులు కుట్టిన హరళయ్య కల్యాణమున శరణుడై పూజ్యుడయ్యెను. శ్రమను గౌరవించుట యనగా ఒక కులమును పుట్టుకచేత ఆ పనికి కట్టివేయుట కాదు. పశువు పాలు త్రాగినవాడు, దానిచే పొలము దున్నించినవాడు, దాని అంతిమకార్యమునకును బాధ్యుడు. కూలికి పిలిచినచో తగిన వేతనమును, చేతులకు రక్షణను, మర్యాదను ఇయ్యవలెను.

ఆకస్మికముగా చచ్చి, నోట ముక్కున నెత్తురు కారిన పశువును కోయరాదు. దొమ్మ రోగమై యుండవచ్చును. దేహము తెరచినచో ఆ క్రిమి గాలి తగిలి బీజరూపము దాల్చి దశాబ్దములు మట్టిలో నిలుచును. పశువైద్యునకు తెలిపి, ఆయన చెప్పిన రీతిని నడచుకొనవలెను. సామాన్యముగా చచ్చిన దానినైనను బావికి, ఏటికి దూరముగా లోతుగా పాతవలెను.

వీరశైవుడు తన దేహమును అగ్నికి గాక భూమికే అర్పించును. తాను చేరబోవు మట్టినే తన ఎద్దు ముందుగా చేరుచున్నదని యెరిగినవాడు దానిని ఏటిగట్టున పారవేసి పోజాలడు.