ట్రాక్ ఎక్కే ముందు

చిన్నా,

ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ డేకి పేరిచ్చావని తమ్ముడు చెప్పాడు. చాలా సంతోషం. వేగం మీద మోజుంటే తీర్చుకోవలసింది అక్కడే, మన ఆనేకల్ రోడ్డు మీద కాదు. కాకపోతే అక్కడికి వెళ్ళేలోపు జిగణిలోనే చెయ్యాల్సిన సాధన కొంత ఉంది.

ఆ మద్రాస్ సర్క్యూట్ ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. ప్రతి మలుపులోనూ ధ్యాస కావాలి. కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ పెట్టిన కీత్ కోడ్, రైడర్ ధ్యాసను పది డాలర్ల నోటుతో లెక్కగట్టాడు. ఒక పనికి ఎక్కువ ఖర్చుపెడితే మిగతావాటికి చాలదు. చేతికి అలవాటైన పనికి ధ్యాస పెద్దగా ఖర్చు కాదు. సాధన అందుకేరా.

ఆదివారం మీ ఫ్యాక్టరీ లారీల యార్డు ఖాళీగా ఉంటుంది. అనుమతి అడుగు. నేల మీద ఇసుక, ఆయిల్ లేకుండా చూసుకో. హెల్మెట్, గ్లౌజులు, బూట్లు లేకుండా బండెక్కకు.

మొదటిది బ్రేకు. సుద్దగీత గీసి, నలభైలో వచ్చి, గీత దగ్గర ముందు బ్రేకు పట్టు. లివర్ ఒక్కసారిగా గుంజకు. మొదట మెత్తగా తాకు, ఫోర్కు కిందికి దిగి బరువు ముందు టైరు మీదికి వస్తుంది, అప్పుడు పట్టు బిగించు. ఇది బాగా కుదిరాకే వేగం పెంచు. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది.

తర్వాత చూపు. రెండు నీళ్ళ సీసాలు దూరదూరంగా పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె వెయ్యి. సీసాను చూడకు, నువ్వు పోవాల్సిన చోటు చూడు. గడ్డం అటు తిరిగితే బండీ అటే తిరుగుతుంది. కంగారులో దేన్ని చూస్తే దాని మీదికే పోతాం.

ఇంట్లో బండిని స్టాండ్ మీద గట్టిగా నిలబెట్టి కూర్చో. ముని పాదాలు ఫుట్‌రెస్ట్ మీద, మోకాళ్ళు ట్యాంకుకి ఆనించి, మోచేతులు వదులుగా ఉండాలి. హ్యాండిల్ వదిలేసినా ఒళ్ళు ముందుకు పడకూడదు. పడుతుంటే బరువంతా చేతుల మీదే వేస్తున్నావన్నమాట.

ట్రాక్ మీద చూపే జెండాల అర్థాలు కంఠతా రావాలి. పసుపు ఊపితే ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చెయ్యకు. ఎరుపు చూపితే వేగం తగ్గించి పిట్‌లోకి వచ్చెయ్. వెనక వేగంగా వచ్చేవాళ్ళ కోసం కంగారుపడి పక్కకి జరగకు, నీ దారిలో నువ్వు పో. దాటే బాధ్యత వాళ్ళది. టైర్లు వేడెక్కేదాకా మొదటి రెండు చుట్లు నిదానంగా తిరుగు. ముందురోజు రాత్రి బాగా నిద్రపో. చెన్నై ఎండకి నీళ్ళు తాగుతూ ఉండు. అలసట అనిపిస్తే ఆ సెషన్ మానుకో, ఎవరూ చిన్నచూపు చూడరు.

మొదటి రోజు ల్యాప్ టైమ్ చూడొద్దు నాయనా. ఎవరితోనూ పోటీ పడొద్దు. బ్రేకు, చూపు, కూర్చునే తీరు కుదిరితే వేగం దానంతటదే వస్తుంది. ఈ ఆదివారం నుంచే సాధన మొదలుపెట్టు.

మీ పెదనాన్న