మౌనంలోనూ రెండు తీరులు

హెన్రీ కావెండిష్ మహా మితభాషి. 1798లో భూమి సాంద్రతను కొలిచి లోకానికి ప్రకటించిన ఈ ఇంగ్లండ్ శాస్త్రవేత్త, విద్యుత్తు మీద చేసిన ప్రయోగాల్లో చాలావాటిని మాత్రం కాగితాల్లోనే వదిలేశారు. ఆయన పోయాక ఎన్నో ఏళ్లకు, 1879లో మరో శాస్త్రవేత్త మాక్స్‌వెల్ వాటిని అచ్చు వేయించారు. తనకు తెలిసింది, అంతే చాలు అనుకునే మనసు అది కావచ్చు.

ఇలా మౌనంగా ఆలోచించేవాళ్లంతా ఒక్కలా ఉండరు. మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ సిద్ధాంతం ఆధారంగా అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ మనుషులను పదహారు రకాలుగా చూసే పరీక్షను తయారుచేశారు. ఆ రకాల్లో ఐఎన్‌టీజే, ఐఎన్‌టీపీ అనే రెండూ తమలో తాము ఆలోచించుకునేవాళ్లవే. పైకి ఒక్కలాగే కనిపిస్తారు. అయితే మొదటివారికి ముందు గమ్యం తోస్తుంది. తర్కమంతా అక్కడికి దారి వేయడానికే. విషయం తేలిపోతేగానీ కుదుటపడరు. రెండోవారికి లోపల లెక్క సరిపోవాలి. పని ముగింపుకొచ్చాక కొత్త సందేహం పుట్టినా, ఇష్టంగా మళ్లీ మొదటికి వెళ్తారు. దాన్ని మనం బద్ధకం అంటాం. అది చాలా అన్యాయం. మొదటివారి పట్టుదలను పొగరనడమూ అంతే.

ఈ పరీక్షను మళ్లీ రాస్తే చాలామందికి వేరే ఫలితం వస్తుంది, అందుకే మనస్తత్వవేత్తల్లో పలువురు దీన్ని గట్టిగా నమ్మరు. కాబట్టి ఎవరిమీదా ముద్ర వేయకండి. మీ పక్కన మౌనంగా కూర్చున్నవారిని ఎప్పుడు ముగిస్తావని కాకుండా, ఇంకా ఏం తేలలేదని అడిగి చూడండి.