కాత్యాయని భాగము



గడచిన వేసవిలో నొకనాటి సాయంకాలము కర్నూలులోని మా యింటికి ఒక యువకుడు వచ్చెను. అతని చేతిలో నొక కాగితముండెను. అది తన యుద్యోగమునకు వ్రాసికొనిన రాజీనామాపత్రము. అందు చట్టరీత్యా లోపమేదైన నున్నదేమో చూచి చెప్పుమని మమ్ము కోరెను. ఇట్టి కాగితములు చూచుట మా వృత్తిలోని పనియే. కాని యాతడు కూర్చుండిన తీరు కక్షిదారుని తీరు కాదు. లోపము కలదని మేము చెప్పిన బాగుండునని యాతని కన్నులలో సగము, లేదని చెప్పిన బాగుండునని సగము కనబడుచుండెను.

అతడు ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తా. తండ్రి యదే శాఖలో పనిచేయుచు మరణింపగా, కారుణ్యనియామకము క్రింద నా కొలువు కొడుకునకు లభించినది. ఇంట తల్లియు, చదువుకొనుచున్న చెల్లెలును గలరు. స్వగ్రామము కోసిగి ప్రాంతము. ఆ వైపున వానలు తప్పినయేడు, ఒక్కొక్కప్పుడు తప్పని యేడును, పంటల పని తీరిన వెంటనే కుటుంబములకు కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, మిరపకాయలు కోయుటకును పత్తి తీయుటకును గుంటూరు సీమకు వలసపోవుట మీరెఱుగనిది కాదు. పిల్లలును వెంటబోవుదురు. బడిలో పేరుండును, పిల్లవాడుండడు. ఈ యువకుడు బాల్యమున తన పక్క పలకవాడు అట్లు పోయి మరల బడికి రాకుండుట చూచినవాడు. ఊరిలో నొక పాతయింటిని బాగుచేసి, వలసకాలమందు ఆ పిల్లలనుంచుకొని, అన్నము పెట్టి చదువు చెప్పవలెనని యాతని కోరిక. అది తన కల యని యాతడే చెప్పెను.

వినగానే మాకు మొదట సంతోషము కలిగెను, మఱుక్షణమున భయము కలిగెను. ఈ రెంటిలో నేది ధర్మబుద్ధియో, ఏది పిఱికితనమో వేఱుపఱచి చూడవలెనని యీనాటి ప్రసంగమునకు దీనినే విషయముగా గ్రహించితిమి. ఆ యువకుని యనుమతి పొందియే చెప్పుచున్నాము.

ధర్మపీఠములనుండి జీతగాండ్రను నిందించుట మిక్కిలి సులభము. కొలువు బానిసత్వమనియు, కాసులకై యాత్మను తాకట్టుపెట్టుట యనియు చెప్పినచో సభలో తల లూగును. అట్లు చెప్పువారిలో పలువురకు పిత్రార్జితపు భూములున్నవి. మాకును కొన్ని యెకరములు గలవు గనుక మేమును నాలుక నదుపులో నుంచుకొని మాటాడవలసియున్నది. కర్నూలు కడప మండలములలో జీతమనగా నేమో తెలియవలెనన్న మొదట వానను తలంపవలెను. 1876 మొదలు 1878 వఱకు నీ సీమను కాల్చిన క్షామమును మన పెద్దలు ధాత కరువని పిలిచిరి. ఆ పేరు ముసలమ్మల నోట చాలకాలము నిలిచినది. అంతటి కరువు మరల రాకపోయినను, విత్తనము చల్లి యాకాశమువైపు చూచుట యిక్కడి రైతునకు నేటికిని తప్పలేదు. అట్టి దేశమున నెల మొదట వచ్చు జీతము, తప్పక కురియు నొకే యొక వాన. దానిని విడుతునన్న కుమారుని చూచి తల్లి గుండె బాదుకొనినచో నది యామె యజ్ఞానము కాదు, ఈ నేల యామెకు నేర్పిన పాఠము.

అయినను, ఈ నేలనుండియే గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బయలుదేరిరి. 1883లో కర్నూలున పేదయింట పుట్టి, ఎం.ఏ. పట్టము పొంది, ఉపాధ్యాయశిక్షణకై రాజమహేంద్రవరము చేరిరి. ఆ కాలమున నట్టి చదువు గలవానికి సర్కారు కొలువు చేతికందు దూరముననే యుండెడిది. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆ పట్టణమునకు వచ్చి ఉపన్యసించిరి. విద్యార్థులు వందేమాతరము ముద్రలు ధరించిరి. దానికి ఫలముగా హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి వెడలగొట్టబడిరి, సర్కారు కొలువు తలుపు మూయబడినది. ఆయన తలవంచి తలుపు తట్టలేదు. 1908లో బెజవాడనుండి స్వరాజ్య పత్రికను వెలువరించిరి. ఆ యేటనే యందలి వ్రాతకు రాజద్రోహనేరము మోపబడి, 3 ఏండ్ల శిక్షపాలై, వేలూరు చెఱసాలకు బోయిరి.

ఇంతవఱకు చెప్పి యాపినచో వినువారి రక్తము వేడెక్కును. మాకు ముఖ్యమని తోచునది దాని తరువాతి భాగము. చెఱనుండి వచ్చిన పిదప ఆయన యేబదియేండ్ల దాక జీవించిరి, 1960లో మరణించిరి. ఆ దీర్ఘకాలమంతయు నేమి చేసిరి? పత్రికలకు వ్రాసిరి, గ్రంథములు వ్రాసిరి, గ్రంథాలయోద్యమమును మోసిరి, వయసు మీఱినవారికి అక్షరములు నేర్పు పనికి పూనుకొనిరి. పల్లెలో దీపము క్రింద నొక ముసలివానిచే ఓనమాలు దిద్దించుటలో చప్పట్లు లేవు. మొదటి కల రూపుమాసినను ఆయన తన్ను తాను భగ్నుడనుకొనలేదు. కల రూపము మార్చుకొనగలిగినచో నది పరమేశ్వరుడు నాటినదని కొంత నమ్మవచ్చును. ఒక్క రూపమునే పట్టుకొని, అది దక్కకున్న బ్రతుకే వలదనునది కోరిక మాత్రమే. ఈ మాట యా యువకునకు చెప్పితిమి. వాడు వ్రాసికొనెను. వ్రాసికొనుట మాకంతగా నచ్చలేదు.

కొలువు విడువనిదే కల పండదా? కడపవారు దీనికి వేఱొక సాక్ష్యము చెప్పుదురు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కంపెనీ యుద్యోగిగా కడపకు వచ్చెను. అతనికి తెలుగు కొలువునకు కావలసిన భాషగా నారంభమై, క్రమముగా ప్రాణమైనది. కడపలో బంగళా కొని, పండితులను గూర్చి, తన జీతమునుండి వారికి జీతములిచ్చి, చెదలు తినుచున్న తాటాకుల ప్రతులను తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. చాలనప్పుడు అప్పులు చేసెను. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించెను, 1852లో నిఘంటువు వెలువడెను. అతడు కొలువునకు బద్ధుడైయుండియే, కొలువును తన పనికి బంటుగా చేసికొనెను. తరువాత నదే కడపలో ఆంగ్లోపన్యాసకులుగా నుండిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు, ఆ బంగళా నిలిచిన స్థలమున బ్రౌను పేర గ్రంథాలయము వెలయుటకై యింటింటికి తిరిగి పుస్తకములును చందాలును కూర్చిరి. కావున రాజీనామాయే త్యాగమునకు ఏకైకచిహ్నమని యెవ్వరును భ్రమింపరాదు.

కల మంచిదైనంత మాత్రమున నది చాలునా యనునది వేఱొక ప్రశ్న. సుంకేసులనుండి కడపకు పాఱు కాలువను మనము నిత్యము దాటుచునే యున్నాము. దానిని 1863లో మద్రాసు ఇరిగేషను కంపెనీవారు త్రవ్వనారంభించిరి. నీరు వచ్చిన వెంటనే రైతులు పరుగెత్తుకొని వత్తురని వారి లెక్క. రైతులు రాలేదు. కాలువ క్రింద పెక్కుచోట్ల నల్లరేగడి. అది తేమను తనలో దాచుకొను నేల. జొన్న వేయువాడు నీటికి డబ్బేల కట్టవలెనని కూర్చుండెను. కంపెనీ నష్టపడినది, 1882లో ప్రభుత్వము కాలువను కొనినది. కాలము గడచిన పిదప నా కాలువయే నంద్యాల సీమను పచ్చగా చేసినది, అది వేఱుకథ. త్రవ్వువాడు రేగడిని ముందుగా నడుగలేదనునదే యిక్కడి మాట. ఆ యువకునితో, ఊరికి బోయి, వలసపోవు తల్లులను అడిగితివా, పిల్లవానిని విడిచిపోవుదురా యని ప్రశ్నించితిమి. పదునొకండు ఇండ్ల వారిని అడిగినట్లును, నలుగురు విడిచిపోవుదుమన్నట్లును చెప్పెను. మిగిలిన యేడుగురి మాట దాచలేదు. అప్పుడు మాకు వానియందు గౌరవము కలిగెను.

ఇక మాకు భయము కలిగించిన సంగతికి వత్తుము. కారుణ్యనియామకము వారసత్వపుటాస్తి కాదని న్యాయస్థానములు పలుమాఱులు చెప్పియున్నవి. సంపాదించువాడు పోయిన యిల్లు ఒక్కసారిగా దిక్కులేనిది కాకుండుటకై యిచ్చునది యది. ఒకని చేతిలో బెట్టినను పలువురి నోటికై యిచ్చినది. అట్టిదానిని విడుచుటకు ఆ యొక్కని చేవ్రాలు చట్టమునకు చాలును. ధర్మమునకు చాలునా?

యాజ్ఞవల్క్యుని కథ మీరందఱు నెఱిగినదే. గృహస్థాశ్రమము విడువబూనిన యా మహర్షి మైత్రేయిని పిలిచి, నీకును కాత్యాయనికిని ఆస్తి పంచియిచ్చి పోవుదునని చెప్పును. మైత్రేయి, ధనముచే అమృతత్వము లభించునా యని యడుగును. అక్కడినుండి బ్రహ్మవిద్య ప్రవహించును. ఉపన్యాసకులందఱు మైత్రేయివెంట పోవుదురు. మేమును ఇరువదియేండ్లుగా నట్లే పోయితిమి. న్యాయవాదికి తగిన యొక చిన్న విషయము మాకింత యాలస్యముగా కంటబడినది. ఆ ఋషి లేచిపోవుటకు ముందు పంపకము మాట యెత్తెను. పరమార్థమున కేగువాడైనను, వెనుక మిగులువారి యన్నమును మొదట లెక్కచూచెను. అర్ధరాత్రమున నిద్రించుచున్న భార్యను చూచి చప్పుడుగాక వెడలిన రాజకుమారుని కంటె నీ విషయమున నీయన మాకు చేరువగా తోచుచున్నాడు. కాని కాత్యాయని? ఆమె యా కథలో నొక్కమాటయు పలుకదు. ఆమెకు భాగము చెప్పబడినది గాని ఆమె యభిప్రాయ మడుగబడినట్లు కానరాదు.

ఇచట మా సంగతి కొంత చెప్పక తప్పదు. ముప్పదియేండ్ల ప్రాయమున మేమును ఈ వృత్తిని విడిచి, పల్లెలో నొక పాఠశాల నడుపవలెనని తలపోసితిమి. స్థలము కూడ చూచితిమి. తుదకు మానుకొంటిమి. కుటుంబముకొఱకు మానుకొంటిమని మాకు మేమే చెప్పికొని, ఆ త్యాగమునకు లోలోపల గర్వించుచు పదేండ్లు గడపితిమి. ఒకనాడు మాటవరుసకు భార్యతో ననగా నామె చేతిలోని పని యాపి, "నన్నెందుకు అడుగలేదు?" అనెను. అడిగియున్న నేమనెడిదానవని మేమిప్పటికిని అడుగలేకున్నాము. విడిచిపోవువాడే కాత్యాయనిని మఱచునని తలంచితిమి. ఆమె పేరు చెప్పి నిలిచిపోవువాడును మఱచును.

అందుచేత నా కాగితమును మేము దిద్దలేదు. అది యింగ్లీషున నుండెను. దీనిని తెలుగున వ్రాసి, మీ అమ్మకు చదివి వినిపించి రమ్మంటిమి. ఒప్పించుటకు పోవలదు, వినిపించుటకు పొమ్మంటిమి. వాని ముఖము వాడెను. తల్లి యేడ్చునని భయపడెను. ఏడ్చినచో నదియు నొక యభిప్రాయమే యని చెప్పి పంపితిమి.

మూడువారములకు మరల వచ్చెను. తెలుగుప్రతి తెచ్చెను. తల్లి రెండుమాఱులు చదివించుకొనినదట. ఏడ్వలేదట. చాలసేపు మాటాడక, పాప చదువు కానీ, ఇంక రెండేండ్లుంది, అంతవఱకు జీతం ముట్టుకోవద్దు అన్నదట. చెల్లెలు మాత్రము తన పేర నెవరును ఆగనక్కరలేదని కోపించినదట. ఆ తగవు తీరలేదు. అతడు లేచిపోవుచు గుమ్మమువద్ద నిలిచి, తల్లి మఱునాడు పొయ్యి ముందర కూర్చుండి యడిగిన మాట యొకటి చెప్పెను:

"ఆ పిల్లోళ్ళకు సంగటి ఎవరు గెలుకుతారురా?"

ఆ తెలుగుప్రతి తేదీ వేయక మా బీరువాలో వ్యాజ్యపు కట్టల నడుమ నున్నది. అతడు ప్రతి యాదివారము తెల్లవాఱుజామున బస్సెక్కి ఊరికి పోవుచున్నాడు. కిందటిసారి తల్లియు వెంట పోయినదని వినుచున్నాము.