వార్త విన్నారు, విచారించారా?



అవిధేయుడు ఒక వార్త తెస్తే ముందు విచారించండి, లేకుంటే తెలియక ఒక వర్గానికి కీడు చేసి పశ్చాత్తాపపడతారని అల్లాహ్ సూరా హుజురాత్ 6వ ఆయతులో విశ్వాసులను హెచ్చరించాడు. బనూ ముస్తలిఖ్ తెగ జకాత్ నిరాకరించిందని వచ్చిన తప్పుడు కబురు యుద్ధం దాకా పోబోయిన సందర్భంలో ఈ ఆయతు అవతరించిందని వ్యాఖ్యాతలంటారు.

ఇది మన పాతబస్తీ అనుభవించిన ఆయతు. 2007 మే 18, జుమా రోజు. మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది, తర్వాత పోలీసు కాల్పుల్లో మరో 5 మంది మరణించారు. వార్తల్లో అనుమానం బంగ్లాదేశ్ సంస్థ మీదికీ, అక్కడి నుంచి మన గల్లీల మీదికీ మళ్ళింది. ఎందరో యువకులను పట్టుకెళ్ళారు. నేరం రుజువు కాలేదు. పట్టుకెళ్ళినప్పటి చప్పుడు విడిచిపెట్టినప్పుడు వినపడలేదు.

2010లో స్వామి అసీమానంద అరెస్టయ్యాడు. రుజువుకు ముందే మనలోనూ చాలామంది తీర్పు చెప్పేశారు. 2018 ఏప్రిల్ 16న కోర్టు ఆయనతో సహా ఐదుగురిని నిర్దోషులుగా వదిలింది. ఆ తీర్పు మనకు బాధ కలిగించవచ్చు. కానీ ఆయతు ఇతరుల కోసమే దిగలేదు కదా!

బాలాపూర్ సంగతే తీసుకోండి. బర్మా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చిన రోహింగ్యాలు అక్కడ గుడిసెల్లో తలదాచుకున్నారు. 2020 గ్రేటర్ ఎన్నికల్లో వారి పేరు చెప్పి పాతబస్తీపై ‘సర్జికల్ స్ట్రైక్’ చేస్తామన్నారు. మనం మండిపడ్డాం, న్యాయమే. మరి ఎక్కడైనా దొంగతనం జరిగితే ‘ఆ బర్మావాళ్ళ పనే’ అన్న మాట మన దస్తర్‌ఖాన్ దగ్గర వినపడటం లేదా? అలా అన్నవారిలో ఒక్కసారి బాలాపూర్ వెళ్ళి, వారి మధ్య కూర్చుని, అడిగి వచ్చినవారు ఎందరు?