చెట్టుకు చుట్టాలెవరు?

ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో తిరిగినవాళ్లకు జామాయిల్ తోటలు కొత్త కాదు. గీత గీసినట్టు వరసలు, ఒకే ఎత్తు, ఒకే లావు, నాలుగైదేళ్లు రాగానే నరికి కాగితం మిల్లుకు తోలడం. నీళ్లన్నీ తాగేస్తుందని ఆ చెట్టును తిట్టేవాళ్లున్నారు, ఎకరానికి ఎన్ని టన్నులు దిగుతుందో లెక్క కట్టేవాళ్లున్నారు, అందం కోసం ఆగి చూసేవాళ్లు మాత్రం దాదాపు లేరు. జామాయిల్ అంటే యూకలిప్టసే. మన దేశంలో నాటుతున్న దాని రకాల్లో కమాల్డులెన్సిస్ ఒకటి. ఆ పేరు ఇటలీలో నేపుల్స్ దగ్గరి కమాల్డోలి తోట నుంచి వచ్చింది. అక్కడ పెంచిన చెట్టును చూసే 1832లో వృక్షశాస్త్రవేత్త డేన్‌హార్ట్ దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. అలా పరాయి నేల మీద నిలబడ్డ ఒక చెట్టు చిరునామా జాతి మొత్తానికీ పేరైంది. పుట్టిన దేశం ఆస్ట్రేలియాలో దాన్ని రివర్ రెడ్ గమ్ అంటారు. ముర్రే నది ఒడ్డున బార్మా అడవిలో అది వందల ఏళ్లు బతుకుతుంది. వరద వచ్చినప్పుడు మొదలు దాకా నీళ్లలో మునిగి నిలబడుతుంది. సూపర్బ్ పారట్ అనే ఆకుపచ్చ చిలుక దాని తొర్రల్లో గుడ్లు పెడుతుంది. పడవ చేసుకోవడానికి అక్కడి ఆదివాసులు ఒలిచిన బెరడు తాలూకు మచ్చలు ముర్రే తీరంలోని కొన్ని ముసలి మానుల మీద ఇప్పటికీ ఉన్నాయి.

గింజ ఒకటే, ఆకు ఒకటే, ఆకు నలిపితే వచ్చే వాసన ఒకటే. చెట్టు అందమంతా చెట్టులోనే ఉంటే రెండుచోట్లా అది ఒకేలా కనపడాలి. చూసేవాడి మనసులోనే ఉంటే, కాస్త మనసు పెట్టి చూడగానే మన జామాయిల్ తోట బార్మా అడవి అయిపోవాలి. రెండూ జరగవు. చెట్టు అందం దాని చుట్టరికంలో ఉందని నా వాదన. దాని మీద ఆధారపడి ఏ ప్రాణులు బతుకుతున్నాయి, ఏ ప్రాణుల దయ వల్ల అది బతుకుతోంది అన్న అల్లికలో ఉంది. ఈ ఆలోచన మనకు పరాయిదేం కాదు. కృష్ణా తీరంలో ఒక కొండకు మనం పేరు పెట్టుకున్న నాగార్జునుడు, ఏ వస్తువుకూ మరొకదానితో నిమిత్తం లేకుండా తనంతట తాను నిలిచే స్వభావం లేదని మూలమధ్యమకకారికలో వాదించాడు. వస్తువు లేదని కాదు ఆయన అన్నది. అది ఉండటమంటేనే మిగతావాటితో కలిసి ఉండటమని. ఆస్ట్రేలియా మొక్కలను ఇష్టంగా పెంచుకునేవాళ్ల ఆనందం ఎలాంటిదో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి మాట నాకు కనపడలేదు.

బ్యాంక్సియానే తీసుకోండి. 1770లో కుక్ ఓడలో వచ్చిన జోసెఫ్ బ్యాంక్స్ పేరు మోస్తున్న ఈ మొక్కలు సుమారు 170 జాతులు. ఒక్కటి తప్ప మిగతావన్నీ ఆస్ట్రేలియాలోనే పుట్టి పెరుగుతాయి. మొక్కజొన్న కంకిలా నిటారుగా నిలిచే పూగుత్తిలో వందలు, కొన్నిటిలో వేల చిన్న పూలుంటాయి. ఆ దేశపు నైరుతి మూలలో, పది గ్రాములకు అటూ ఇటూ తూగే హనీ పోసమ్ అనే చిట్టి సంచిజంతువు రాత్రిపూట ఆ కంకుల మీద పాకుతుంది. కుంచెలాంటి నాలుకతో తేనె, పుప్పొడి తప్ప మరేమీ తినదు. ఏడాది పొడుగునా ఏదో ఒక పువ్వు పూస్తూ ఉంటేనే దానికి బతుకు. అక్కడి పొదల్లో ఒక్కో జాతి ఒక్కో కాలంలో పూస్తుంది కాబట్టే అది బతికింది. ఇంకో పక్క బ్యాంక్సియా వేళ్లు, భాస్వరం బాగా తక్కువైన ఇసక నేలలోంచి ఆ కాస్తనూ పిండుకోవడానికి కుచ్చులు కుచ్చులుగా అల్లుకుని ఉంటాయి. ప్రేమ కొద్దీ మనం భాస్వరం ఎరువు దండిగా వేశామా, మొక్క చస్తుంది. చాలా జాతుల కాయలు నిప్పు సెగ తగిలే దాకా నోరు విప్పవు. అంటే ఈ మొక్క చుట్టాల్లో ఒక జంతువే కాదు, నేల పేదరికమూ ఉంది, అడవి మంటా ఉంది. పూలు బాగున్నాయని కుండీలో పెట్టుకున్నవాడికి ఆ మొక్కలో అందింది చాలా కొంచెం.

మన బాపట్ల తీరంలో తోపులుగా పెంచే సరుగుడుకు ఆస్ట్రేలియాలో షీ-ఓక్ అనే దగ్గరి బంధువులున్నాయి. పైకి చూస్తే వాటిలో చెప్పుకోదగ్గ వన్నె ఏమీ లేదు. పూరేకులు లేవు, సువాసన లేదు. కాని గ్లాసీ బ్లాక్ కాకటూ అనే పెద్ద నల్ల పక్షి దాదాపుగా ఆ చెట్ల కాయల్లోని గింజలే తిని బతుకుతుంది. గంటల తరబడి కొమ్మ మీద కూర్చుని, కాలితో కాయ పట్టుకుని, ముక్కుతో చీల్చి, ఒక్కో చిన్న గింజా తీసుకుంటుంది. చెట్టు కింద తాజాగా నమిలి పడేసిన కాయల పొట్టు కనపడితే, తెలిసినవాడి గుండె ఝల్లుమంటుంది. తెలియనివాడికి అది ఊడ్చి పారేయాల్సిన చెత్త.

బదనిక సంగతి ఇంకా విచిత్రం. చెట్టును పీల్చి బతికే ఆ మొక్కను అక్కడా ఇక్కడా మనుషులు చీడగానే చూశారు. న్యూసౌత్‌వేల్స్‌లో డేవిడ్ వాట్సన్ బృందం కొన్ని అడవి తునకల్లోంచి బదనికను పూర్తిగా ఏరేసి, కొన్నేళ్లు ఆగి పక్షులను లెక్కపెట్టింది. ఆ అడవినే నమ్ముకున్న పక్షి జాతుల్లో నాలుగో వంతుకు పైగా అక్కడ లేకుండా పోయాయని 2012లో ప్రకటించింది. బదనిక కాయలు తినే పక్షులే కాదు, నేల మీద పురుగులు ఏరుకునేవీ పోయాయి. రాలిన బదనిక ఆకు నేలకు బలం, ఆ నేల పురుగులకు ఇల్లు. చుట్టరికం ఎంత దూరం పోతుందో కంటితో చూసి చెప్పలేమనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అందాన్ని ఇలా చుట్టరికానికి కట్టేయడం తగదనేవాళ్లున్నారు. వాళ్లలో పెద్దవాడు ఇమాన్యుయేల్ కాంట్. 1790లో వెలువడిన గ్రంథంలో ఆయన పువ్వును స్వతంత్రమైన అందానికి ఉదాహరణగా చెప్పాడు. పువ్వు దేనికి ఉపయోగపడే అవయవమో వృక్షశాస్త్రవేత్తకు తెలిసినా, అందం గురించి తీర్పు చెప్పేటప్పుడు అతను సైతం ఆ సంగతి పక్కన పెడతాడన్నాడు. ఇందులో నిజం లేకపోలేదు. బంగారు వన్నె బ్యాంక్సియా కంకి ఏమీ తెలియని పసివాడి చూపునూ పట్టుకుంటుంది. అయితే ఆ మొదటి చూపు దగ్గరే ఆగిపోతే ఏమవుతుందో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ సీతాకోకచిలుక కథ చెబుతుంది. క్వీన్స్‌లాండ్ ఆగ్నేయ మూలలో, న్యూసౌత్‌వేల్స్ ఉత్తరాన ఉండే ఈ పెద్ద సీతాకోకచిలుక పిల్లలు ఒక అడవి తీగ ఆకులే తిని పెరుగుతాయి. తీగ మన ఈశ్వరి వేరు కుటుంబంలోదే. అదే కుటుంబానికి చెందిన దక్షిణ అమెరికా తీగ ఒకదాన్ని, డచ్‌మన్స్ పైప్ అంటారు, పూలు వింతగా ఉంటాయని తెచ్చి తోటల్లో పాకించారు. తల్లి సీతాకోకచిలుక మోసపోయి దాని మీద గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ ఆకు తిని చనిపోతాయి. వింతపూల తీగ మీద రంగురెక్కల సీతాకోకచిలుక వాలిన దృశ్యం కాంట్ కొలతకు నిండుగా సరిపోతుంది. ఆ దృశ్యం ఒక తల్లి తన పిల్లలను చావుకు అప్పగించడమని తెలిశాక మునుపటిలా ఆనందించగలమా? నేను ఆనందించలేను. తెలియడం వల్ల అందం చెడింది అనడం కన్నా, అసలు చూసింది సగమే అనడం న్యాయం. 1990లలో పిల్లలు బడుల్లో అసలు తీగను నాటి ఆ సీతాకోకచిలుకను నిలబెట్టడానికి పూనుకున్నారు. వాళ్లది పూర్తిగా చూసిన చూపు.

ఇంకొక అభ్యంతరం బరువైనది. ఈ నేలదీ పరాయిదీ అని మొక్కలను విడదీసే బుద్ధే రేపు మనుషులను విడదీయదా అని అడుగుతారు. ఆస్ట్రేలియాకు వలస వెళ్లినవాళ్లు, తెలుగువాళ్లతో సహా, ఈ ప్రశ్న అడగడంలో తప్పు లేదు. ఆ దేశాన్ని ఎవరికీ చెందని భూమిగా లెక్కగట్టిన న్యాయ సూత్రాన్ని అక్కడి హైకోర్టు 1992లో మాబో కేసులో గాని కొట్టెయ్యలేదు. స్థానికత అన్న మాటకు అక్కడ గాయాలున్నాయి. నా జవాబు ఏమిటంటే, నేను కొలుస్తున్నది పుట్టుకను కాదు, చుట్టరికాన్ని. ఆ దేశపు జాతీయ పుష్పం గోల్డెన్ వాటిల్‌ది ఆ నేలే. దక్షిణాఫ్రికాకు తీసుకుపోతే అదే అడవిని మింగే కలుపు. మన పెరట్లో ముద్దుగా పలికే గోరింకను 1862లో మెల్‌బోర్న్‌కు తీసుకెళ్లి వదిలారు. ఇప్పుడది అక్కడి పక్షుల తొర్రలను ఆక్రమిస్తోంది. గోరింక చెడ్డదీ కాదు, వాటిల్ చెడ్డదీ కాదు. ఎదురు మాట కూడా ఒప్పుకోవాలి. పెర్త్ దగ్గర గ్నంగారాలో నాటిన విదేశీ పైన్ చెట్ల గింజలు, సొంత పొదలు పోగొట్టుకున్న కార్నబీస్ కాకటూలకు తిండి అయ్యాయి. ఆ చెట్లు నరికితే అవి పస్తులుండాలి. విదేశీ చెట్టు అక్కడ చుట్టమైంది, దాన్ని గౌరవించాలి. స్థానిక మొక్కే చేటు చేసే సందర్భమూ ఉంది. ఏడాదంతా పెద్ద పూలు పూసే సంకర గ్రెవిలియాలను ఇంటింటా నాటితే, తగవులమారి నాయిజీ మైనర్ పక్షులు గుంపులు కట్టి చిన్న పక్షులను తరిమేస్తాయి. ఆ పక్షిదీ ఆ దేశమే. ఇక మనుషుల మాటకొస్తే, మనిషి తెలిసి, ఎంచుకుని చుట్టరికం కలుపుకోగలడు. మొక్కకు ఆ వీలు లేదు. పోలిక అక్కడే తెగిపోతుంది.

ఆస్ట్రేలియా ఆదివాసులు తమ నేలను కంట్రీ అని పిలుస్తారు. ఆ మాటలో మట్టి, నీరు, చెట్టు, పక్షి, పూర్వీకులు, మనిషి అంతా ఇమిడి ఉంటారు. అనేక సమాజాల్లో ఒక్కో మనిషికి ఒక్కో ప్రాణితో చుట్టరికం ఉంటుంది, దాన్ని కాపాడే బాధ్యతా ఉంటుంది. మనకూ చింతల, తుమ్మల, రావి అని చెట్ల ఇంటిపేర్లున్నాయి, ఆ పేరుతో ఏ బాధ్యతా రాలేదు. దేవుణ్ని చెట్టులో చూసే సంప్రదాయం మనదీ, చెట్టును బంధువుగా చూసే సంప్రదాయం వాళ్లదీ. మొదటిది దణ్ణం పెట్టిస్తుంది. రెండోది పని చేయిస్తుంది. ఈ విషయంలో వాళ్లదే పైచేయి అని నా నమ్మకం.

చుట్టరికం తెగితే పోయేది తిండీ గూడే కాదు. రీజెంట్ హనీఈటర్ అనే తేనెపిట్ట ఆగ్నేయ ఆస్ట్రేలియాలో ఐరన్‌బార్క్, బాక్స్ జాతుల యూకలిప్టస్ పూల వెంట తిరిగేది. ఆ అడవులు చాలావరకు పొలాలైపోయాయి. ఇప్పుడు కొన్ని వందల పిట్టలే మిగిలాయి. మగపిల్లలు పెద్ద మగపిట్టల దగ్గర పాట నేర్చుకోవాలి. నేర్పే పెద్దలు దొరక్క కొన్ని వేరే జాతుల పాటలు పాడుతున్నాయని 2021లో ఒక పరిశోధన తేల్చింది. చెట్టు పోయాక పక్షి తగ్గింది, పక్షి తగ్గాక పాట పోతోంది. పాట ఆ పిట్ట గొంతులో ఉందని అనుకుంటాం, అది కూడా అడవిలోనే ఉంది.

ఆస్ట్రేలియాలో వడ్రంగిపిట్టలు లేవు. మానుకు తొర్ర పడాలంటే కొమ్మ విరగాలి, బూజు పట్టాలి, చెదలు తొలవాలి, ఏళ్లు గడవాలి. యూకలిప్టస్‌లో పెద్ద ప్రాణులకు పనికొచ్చే తొర్ర ఏర్పడటానికి వందేళ్లకు పైనే పడుతుంది. సుమారు 300 జాతుల వెన్నెముక ప్రాణులు అక్కడ తొర్రలను వాడుకుంటున్నాయి. నాలుగైదేళ్లకు నరికే మన జామాయిల్‌కు ఆ వయసు ఎన్నటికీ రాదు. మెల్‌బోర్న్ ఉత్తరాన విట్టిల్‌సీ వైపు కొత్త లేఅవుట్ల మధ్య ముసలి రివర్ రెడ్ గమ్ చెట్లు ఇంకా నిలబడి ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఇల్లు కట్టుకుంటున్న తెలుగువాళ్లకు ఒక విన్నపం. ఆకు రాలుతోందని, కొమ్మ మీద పడుతుందేమోనని ఆ చెట్టును కొట్టేయమని అడగకండి. ప్రమాదమనిపించిన కొమ్మను నిపుణులతో తీయించండి, మానును ఉండనివ్వండి. దాని బదులు మీరు ఈ రోజు పది మొక్కలు నాటినా, వాటిలో చిలుక గుడ్డు పెట్టే తొర్ర పడేసరికి మీ మనవల కాలం కూడా దాటిపోతుంది.